144 హెర్ట్జ్ తెర మీద తడబాటు

ఆటలో బొమ్మ సాఫీగా కదులుతూ కదులుతూ ఒక్క క్షణం బిగుసుకుపోయి, మళ్లీ ఎగిరి ముందుకు పడటాన్ని స్టట్టర్ అంటారు. విజయవాడ కుర్రాళ్ల నోట ‘స్టక్ అవుతోంది’, ‘ల్యాగ్ కొడుతోంది’, ‘ఫ్రేములు పడిపోతున్నాయి’ అనే మూడు ఫిర్యాదులూ ఒకటే అన్నట్టు వినిపిస్తాయి. నిజానికి మూడింటి మూలాలూ వేరు, మందులూ వేరు. పాత 60 హెర్ట్జ్ మానిటర్ పక్కన పెట్టి 144, 165, 240 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్ కొన్నాకే తడబాటు మొదలైందంటే నేరం కొత్త తెరదేనని అనుకోవడం సహజం. చాలాసార్లు అది పొరపాటు. ఎప్పటి నుంచో ఉన్న తడబాటును పాత తెర కప్పిపుచ్చింది, కొత్తది బయటపెట్టింది. అంతే తేడా.

మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా గీస్తుందో ఆ లెక్క పేరు రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ తెర ఒక్కో బొమ్మను 16.7 మిల్లీసెకన్లు నిలబెడుతుంది. 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లు, 240 హెర్ట్జ్ తెర 4.2 మిల్లీసెకన్లు. గ్రాఫిక్స్ కార్డు ఒక ఫ్రేమును 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఇస్తే 60 హెర్ట్జ్ తెర మీద అది చాలావరకు ఆ 16.7లోనే ఇమిడిపోతుంది. 240 హెర్ట్జ్ తెర మీద అదే 5 మిల్లీసెకన్లు ఒక ఫ్రేము కాలం కంటే ఎక్కువ, కాబట్టి కంటికి తగులుతుంది. డబ్బా మానిటర్ల కాలంలో కళ్లు లాగకుండా ఉండటానికి 85 హెర్ట్జ్ పెట్టుకునేవారు. ఎల్‌సీడీలు వచ్చాక అంతా 60కి దిగిపోయారు. 2009 ప్రాంతంలో త్రీడీ కళ్లద్దాల కోసం తయారైన 120 హెర్ట్జ్ తెరలతో మళ్లీ పరుగు మొదలై, 2012లో 144, 2017లో 240, 2020లో 360 హెర్ట్జ్ మానిటర్లు బజారులోకి వచ్చాయి.

తెర మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అంకెను నమ్ముకున్నవాళ్లకు ఈ సమస్య అంతుపట్టదు. ఆ అంకె సగటు మాత్రమే. ఒక సెకనులో 119 ఫ్రేములు తలా 7 మిల్లీసెకన్లలో వచ్చి, మిగిలిన ఒక్క ఫ్రేముకు 167 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, మొత్తం కూడితే సరిగ్గా సెకను. ఎఫ్‌పీఎస్ మీటర్ 120 అని చూపిస్తుంది, ఆడేవాడికి మాత్రం గేము ఆగిపోయినట్టే ఉంటుంది, ఎదుటివాడి తూటా ఆ సందులోనే తగులుతుంది. అమెరికాలో హార్డ్‌వేర్ పరీక్షలు రాసే స్కాట్ వాసన్ 2011లో ఈ సంగతిని గట్టిగా పట్టుకుని, సగటు కాదు, ఒక్కో ఫ్రేముకు పట్టిన కాలం చూడాలని వాదించాడు. ఇవాళ ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివా ట్యూనర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ కాలాన్ని గీతగా గీసి ఆట మీదే చూపిస్తుంది. గీత చదునుగా పోతుంటే ఆట బాగున్నట్టు. 90 ఎఫ్‌పీఎస్ దగ్గర చదునుగా ఉన్న గీత, 140 దగ్గర ముళ్లు ముళ్లుగా ఉన్న గీత కంటే కంటికి ఎంతో హాయి. సరిచేసే పని ఏదైనా ఆ గీతను తెరిచి పెట్టుకునే చేయాలి. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మొదట చూడాల్సింది చాలా చిన్న విషయం. 144 హెర్ట్జ్ మానిటర్ నిజంగా 144 దగ్గర నడుస్తోందా? కొత్త మానిటర్ తగిలించగానే విండోస్ చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, దాని అడుగున అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే ఇప్పుడున్న రిఫ్రెష్ రేటు కనబడుతుంది, అక్కడే మార్చుకోవచ్చు. నెలల తరబడి 60 మీదే ఆడుతూ, పెట్టిన డబ్బుకు తేడా తెలియడం లేదని వాపోయేవాళ్లు తక్కువేమీ కాదు. జాబితాలో 144 కనిపించకపోతే కేబుల్ వైపు చూడాలి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఫుల్ హెచ్‌డీలో 120 దగ్గర ఆగిపోవచ్చు. హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 18 గిగాబిట్లు, డిస్‌ప్లేపోర్ట్ 1.4 సెకనుకు 32.4 గిగాబిట్లు మోస్తాయి. డెస్క్‌టాప్‌కు డిస్‌ప్లేపోర్ట్ కేబులే మంచిది. ఇంకో సంగతి, కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు గుచ్చినవాళ్ల ఆట ఖరీదైన కార్డు మీద కాక, ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తుండవచ్చు. ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట దుకాణాల్లో కంప్యూటర్ బిగించి ఇచ్చేటప్పుడు సరిగ్గానే పెట్టి ఇస్తారు. ఇంటికి తెచ్చి, వెనక వైర్లన్నీ తీసి మళ్లీ పెట్టేటప్పుడే తారుమారవుతుంది.

రిఫ్రెష్ రేటు సరిగ్గా ఉన్నా తడబాటు పోలేదంటే, కార్డు ఫ్రేములు ఇచ్చే వేగానికీ తెర గీసే వేగానికీ పొత్తు కుదరడం లేదన్నమాట. విజయవాడ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ బస్సు సరిగ్గా పది నిమిషాలకొకటి కదులుతుందనుకుంటే, రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చినవాడు కూడా మిగతా పది నిమిషాలు నిలబడాల్సిందే. ఫ్రేములను తెర గడువుకు కట్టేసే వి-సింక్ ఆన్ చేసిన 60 హెర్ట్జ్ తెర పద్ధతి ఇదే: 16.7 మిల్లీసెకన్ల గడువు తప్పిన ఫ్రేము 33.3 వరకు ఆగుతుంది, 60 ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా 30కి పడినట్టు అనిపిస్తుంది. వి-సింక్ ఆపేస్తే ఎక్కేవాడు ఎక్కుతుండగానే బస్సు కదులుతుంది. అంటే తెర సగం పాత బొమ్మ, సగం కొత్త బొమ్మ గీసి, మధ్యలో అడ్డంగా చీలిక కనబడుతుంది. దీనికి మూడో దారి, ప్రయాణికుడు ఎక్కాకే బస్సు కదలడం. ఎన్‌విడియా 2013 అక్టోబరులో ప్రకటించిన జి-సింక్, ఏఎండీ 2014లో చూపించిన ఫ్రీసింక్ చేసేది అదే. కార్డు ఫ్రేము పూర్తిచేసి అందించినప్పుడే తెర గీస్తుంది. మొదట్లో జి-సింక్ కోసం మానిటర్‌లో ప్రత్యేక చిప్పు ఉండాల్సి వచ్చేది. 2019 జనవరిలో ఎన్‌విడియా ఆ చిప్పు లేని సాధారణ అడాప్టివ్ సింక్ తెరలకు కూడా దారి తెరిచాక, ఇప్పుడు మధ్యతరగతి ధరల్లో దొరికే గేమింగ్ మానిటర్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉంటోంది.

ఉంటే సరిపోదు, రెండు చోట్ల ఆన్ కావాలి. మానిటర్ కింద బటన్లతో తెరుచుకునే మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్, తర్వాత ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జి-సింక్ లేదా ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీసింక్. ఆటను ఫుల్‌స్క్రీన్‌లో పెట్టుకోవడం మేలు. అడాప్టివ్ సింక్‌కు కూడా హద్దులున్నాయి. మానిటర్ పరిధి 48 నుంచి 144 అని రాసి ఉంటే, ఎఫ్‌పీఎస్ 48 కంటే దిగినప్పుడు మంచి మానిటర్లు ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపిస్తాయి. 40 ఎఫ్‌పీఎస్ అయితే తెర 80 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. సరిగ్గా 48 దగ్గర అటూ ఇటూ ఊగే ఆటలో మాత్రం తెర వెలుతురు రెపరెపలాడుతుంది. ముఖ్యంగా వీఏ రకం ప్యానెళ్లలో, చీకటి దృశ్యాల్లో ఇది బాగా కనబడుతుంది. మానిటర్ పాడైందేమోనని కంగారు పడక్కర్లేదు. గ్రాఫిక్స్ నాణ్యత ఒక మెట్టు తగ్గించి ఎఫ్‌పీఎస్‌ను 60 దాటిస్తే తగ్గిపోతుంది.

పైహద్దు దగ్గర చేసే తప్పు ఇంకా ఎక్కువ. 144 హెర్ట్జ్ తెర ఉన్నవాడు ఎఫ్‌పీఎస్‌ను 200 దాకా పరిగెత్తనిస్తే ఆట సింక్ పరిధి దాటి పోతుంది, చీలికో ఆలస్యమో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అందుకే ఫ్రేములకు కళ్లెం వేయాలి: 144 తెరకు 141 లేదా 138. ఆలస్యం తగ్గించే ఎన్‌విడియా రిఫ్లెక్స్ ఉన్న ఆటల్లో జి-సింక్, వి-సింక్ రెండూ ఆన్‌లో ఉంటే ఆ 138 తనంతట తనే పడుతుంది. మిగతావాటిలో డ్రైవర్‌లోని మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ సెట్టింగుతో చేసుకోవచ్చు. పెద్ద అంకె చూసి మురిసిపోయేవాళ్లకు ఇది రుచించదు. కానీ ఖర్చు లేకుండా తడబాటు తగ్గించే పనుల్లో ఇంతకు మించింది లేదు.

ఎఫ్‌పీఎస్, రిఫ్రెష్ రేటు ఒకదానితో ఒకటి నిశ్శేషంగా భాగించబడకపోవడం వల్ల వచ్చే అదురు ఇంకో రకం. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఆట 60 ఎఫ్‌పీఎస్ దగ్గర కట్టేసి ఉంటుంది. 144ను 60తో భాగిస్తే 2.4. అంటే కొన్ని ఫ్రేములు రెండు రిఫ్రెష్‌లు, కొన్ని మూడు రిఫ్రెష్‌లు నిలుస్తాయి, కెమెరా తిప్పినప్పుడు నేల అదురుతుంది. అడాప్టివ్ సింక్ లేని తెర అయితే ఆ ఆట వరకు 120 హెర్ట్జ్‌కు మార్చుకుంటే చాలు. సినిమాకూ ఇదే లెక్క. గాంధీనగర్ పంపిణీ కార్యాలయాల నుంచి డబ్బాల్లో బయలుదేరిన టాకీ రీళ్లు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిచినవే. హాల్లో ప్రొజెక్టర్ షట్టర్ ఒక్కో ఫ్రేమును రెండుసార్లు వెలిగించి, 48 చేసి చూపేది కాబట్టి లెక్క తప్పేది కాదు. అదే సినిమాను 60 హెర్ట్జ్ కంప్యూటర్ తెర మీద చూస్తే 24కు 60 రెండున్నర రెట్లు, అందుకే కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లు కుంటుతాయి. 120, 144, 240 మూడూ 24తో చక్కగా భాగించబడతాయి. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే 165 మాత్రం భాగించబడదు. 165 తెర మీద సినిమా చూసేటప్పుడు 144కు గానీ 120కి గానీ దించుకోవడం మంచిది.

ఇంతవరకు చెప్పిందంతా తెరకూ కార్డుకూ మధ్య వ్యవహారం. గీతలో ముళ్లు అప్పటికీ లేస్తుంటే తప్పు కంప్యూటర్ లోపల ఉంది. తడబాటు ఎప్పుడు వస్తోందన్నదే దాని ఆచూకీ చెబుతుంది. కొత్త ఆట పెట్టినప్పుడో, డ్రైవర్ మార్చినప్పుడో మొదటి గంటలో మాత్రమే, ప్రతి కొత్త పేలుడుకూ కొత్త వీధికీ ఒకసారి చొప్పున ఆగుతుంటే అది షేడర్ల కంపైలింగ్. ఆ దృశ్యానికి కావలసిన చిన్న ప్రోగ్రాములను కంప్యూటర్ అప్పటికప్పుడు తయారు చేసుకుంటోందన్నమాట. అన్‌రియల్ ఇంజన్ మీద కట్టిన డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో ఇది చాలాకాలంగా ఉన్న రోగం. ఆట మొదట్లో షేడర్లు తయారవుతున్నాయని పట్టీ నిండుతుంటే ఆపకుండా పూర్తి కానివ్వాలి. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లతో వారానికోసారి ఆ తయారైన షేడర్ల క్యాష్‌ను తుడిచేస్తే రోగాన్ని చేజేతులా మళ్లీ తెచ్చుకున్నట్టే. కెమెరా గిర్రున తిప్పినప్పుడో, వాహనం వేగంగా పోతున్నప్పుడో ఆగితే, డేటా సమయానికి అందడం లేదని గుర్తు. ఆట హార్డ్‌డిస్కు మీద ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చాలి. గ్రాఫిక్స్ మెమరీ చాలకపోతే టెక్స్‌చర్ నాణ్యత తగ్గించాలి. ర్యామ్ 8 జీబీ ఒకే కర్రగా ఉంటే రెండో కర్ర వేయించాలి. కానూరు, వడ్డేశ్వరం వైపు హాస్టళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులు వాడే తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు ఈ రెండో కర్ర చేసే మేలు ఇంకేదీ చేయదు. గడియారం కొట్టినట్టు రెండు మూడు సెకన్లకోసారి ఆగుతుంటే మాత్రం వెనకాల నడిచే ప్రోగ్రాముల పని అది. రంగురంగుల లైట్ల సాఫ్ట్‌వేర్, ఉష్ణోగ్రతలు చదివే సాఫ్ట్‌వేర్, ఆటను రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. పక్కన 60 హెర్ట్జ్ రెండో మానిటర్ మీద వీడియో నడుస్తుంటే దాన్ని కూడా ఆపి చూడాలి. 2020 మే నాటి అప్‌డేట్‌కు ముందున్న విండోస్ 10లో రెండు వేగాల తెరలు పక్కపక్కన ఉంటే వేగమైన తెర కూడా కుంటేది.

మొదటి పావుగంట బాగా నడిచి, ఆ తర్వాత మెల్లగా నీరసించే తడబాటు ఇంకొకటుంది. కృష్ణా డెల్టాలో దీనికి పెద్దపీట వేయాలి. ఇది వేడి. మే నెలలో విజయవాడ 40 డిగ్రీలు దాటడం మామూలే, రోహిణి కార్తెలో 45ను తాకే రోజులూ ఉంటాయి. గాలితో చల్లబడే చిప్పు గది వేడి కంటే కిందికి దిగలేదు. గది పది డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా దాదాపు పది పెరుగుతుంది. చలికాలంలో 80 దగ్గర నడిచిన ప్రాసెసర్ వేసవిలో 90 దాటుతుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000 వరుస డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 95 దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. తగ్గగానే చల్లబడి మళ్లీ వేగం పెంచుతాయి, మళ్లీ వేడెక్కుతాయి. ఈ ఊగిసలాటే ఫ్రేము కాలం గీత మీద రంపపు పళ్లలా కనబడుతుంది. జనవరిలో కొన్న కంప్యూటర్ మేలో పాడైపోయిందని దుకాణానికి మోసుకెళ్లే కేసుల్లో ఇలాంటివి ఉంటాయి.

మన ఇళ్లలోని కంప్యూటర్ టేబుల్ ఈ వేడికి తన వంతు సాయం చేస్తుంది. కింద సీపీయూ పెట్టడానికి మూడు వైపులా చెక్క కొట్టి, ముందు తలుపు పెట్టిన గూడు ఉంటుంది, వెనక గోడ ఉంటుంది. వేడి గాలి బయటికి పోయే దారి లేక, క్యాబినెట్ తను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. పరీక్ష తేలిక. సీపీయూను గూట్లోంచి తీసి, పక్క తలుపు విప్పి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి అరగంట ఆడాలి. తడబాటు పోతే రోగం తెలిసినట్టే. తర్వాత దుమ్ము దులపడం, రెండు మూడేళ్లయితే థర్మల్ పేస్టు మార్పించడం, గూడు వదిలించడం. ఏసీ గదిలో ఆడేవాడికి ఈ బాధ తక్కువ. లేనివాడికి మళ్లీ ఆ ఫ్రేముల కళ్లెమే గతి. 140 ఎఫ్‌పీఎస్ బదులు 100కు కట్టేస్తే కార్డు తక్కువ కరెంటు లాగుతుంది, తక్కువ వేడెక్కుతుంది, గీత చదునవుతుంది. వేసవికి ఒక సెట్టింగు, చలికాలానికి ఒకటి పెట్టుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

కరెంటు మీద మాత్రం అనవసరమైన నిందలు పడుతుంటాయి. వోల్టేజి తగ్గితే ఎఫ్‌పీఎస్ తగ్గుతుందన్న నమ్మకం గట్టిగానే ఉంది. అది నిజం కాదు. డెస్క్‌టాప్‌లోని మంచి ఎస్ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల మధ్య దేన్నైనా తీసుకుని లోపలికి ఒకే 12 వోల్టులు ఇస్తుంది. ఇవ్వలేకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది, అంతేగానీ నెమ్మదించదు. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. కరెంటు పోయిన మరుక్షణం అవి బ్యాటరీ మీదికి వెళ్లి శక్తి తగ్గించుకుంటాయి. ఎన్‌విడియా బ్యాటరీ బూస్ట్ ఆన్‌లో ఉంటే చాలా ల్యాప్‌టాప్‌లలో ఆట 30 ఎఫ్‌పీఎస్‌కు పడిపోతుంది. ఇంటికి ఇన్వర్టర్ ఉన్నా చార్జర్ గుచ్చిన ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో చూసుకోవాలి.

తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడి తిరిగి వెలిగితే అది స్టట్టర్ కాదు, కేబుల్‌లో సంకేతం తెగడం. నాసిరకం లేదా మరీ పొడవైన కేబుల్, సరైన ఎర్తింగ్ లేని పాత ఇంటి వైరింగు, పక్కనే ఆన్ అయిన పెద్ద మోటారు ఇందుకు కారణం కావచ్చు. గ్యాస్ లిఫ్ట్ ఉన్న ఆఫీసు కుర్చీలోంచి లేచినప్పుడు పుట్టే విద్యుత్ చిటుకు కూడా తెరను ఆర్పగలదని డిస్‌ప్లేలింక్ కంపెనీయే తన సహాయ పత్రంలో రాసింది. నమ్మశక్యంగా ఉండదు గానీ నిజం. బందరు వైపు ఉప్పుగాలికి పోర్టుల్లో పట్టే తుప్పూ ఇలాంటి తంటాలే తెస్తుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో తడిసి, ఆరబెట్టి మళ్లీ వాడుతున్న యంత్రమైతే ముందు ఆ పోర్టులనే అనుమానించాలి.

ఇంటర్నెట్ జాప్యాన్ని వేరుగా పెట్టి చూడాలి. వాలరెంట్ లాంటి ఆటల సర్వర్లు ముంబయిలో ఉంటాయి. దారిలో ప్యాకెట్లు పోతే మనిషి ముందుకు పరిగెత్తి మళ్లీ వెనక్కి లాగబడతాడు, ఎదుటివాడు మాయమై ఇంకోచోట తేలతాడు, కానీ ఫ్రేము కాలం గీత మాత్రం చదునుగానే ఉంటుంది. ఆటలోని ప్రాక్టీసు మైదానంలో ఒంటరిగా తిరిగినప్పుడు సాఫీగా ఉండి, మ్యాచ్‌లోనే తడబడితే, గీతలో ముల్లు కనబడకపోతే, మానిటర్‌నూ కార్డునూ వదిలేసి వైఫై బదులు ల్యాన్ కేబుల్ పెట్టి చూడాలి.

చివరికి మానిటర్ సొంత మెనూలో మిగిలేవి రెండు మూడు. ఓవర్‌డ్రైవ్ అన్నది పిక్సెల్ రంగు మారే వేగాన్ని పెంచుతుంది. పెట్టె మీద 1 మిల్లీసెకను అని అచ్చేసుకోవడానికి కంపెనీలు పెట్టే చివరి మెట్టు చాలా మానిటర్లలో పనికిరాదు, కదిలే వస్తువు వెనక తెల్లటి తోక వస్తుంది. మధ్య మెట్టు చాలు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య తెర వెలుగును ఆర్పి వెలిగించే స్ట్రోబింగ్ మోడ్ కదలికను పదునుగా చూపిస్తుంది గానీ చాలా మానిటర్లలో అడాప్టివ్ సింక్‌తో కలిసి పనిచేయదు, ఎఫ్‌పీఎస్ నిలకడగా లేకపోతే బొమ్మ రెండు రెండుగా కనబడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మానిటర్ మీదే అనుమానం ఉంటే బ్లర్ బస్టర్స్ సంస్థ పెట్టిన టెస్ట్‌యూఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్ష నడపాలి. తెర మీద గడులు వరుసగా ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, షట్టర్ పదో వంతు సెకనుకు దించి, ఫోన్ కదలకుండా ఫొటో తీయాలి. వెలిగిన గడులు ఖాళీ లేకుండా వరుసగా పడితే తెర ప్రతి ఫ్రేమునూ చూపిస్తున్నట్టు. మధ్యలో నల్ల గడి కనబడితే బ్రౌజర్‌లో మిగతా ట్యాబులన్నీ మూసి ఇంకోసారి తీయాలి. ఓవర్‌క్లాక్ చేసి 144ను 165గా నడుపుతుంటే తిరిగి 144కు దించి తీయాలి. అసలు వేగం దగ్గర, మంచి కేబుల్‌తో, రెండో కంప్యూటర్‌కు తగిలించి తీసినా ఆ ఖాళీ అలాగే ఉంటే తప్పు మానిటర్‌దే. వారంటీ కాగితంతో పాటు ఆ ఫొటో కూడా దుకాణంలో చూపించవచ్చు.